పంతులు చెవిల దూది

ఏదీ, ఇటియ్యి ఆ సీసా. జర ఆగు, అద్దాలు పెట్టుకోనియ్యి. ఆఁ... వట్టివేరు. చూసినవా, టక్కున చెప్పిన. ఇంకోటియ్యి. ఇది... ఇది మల్లె. ఏందే, నవ్వుతున్నవ్? వాసన చూసేటందుకు అద్దాలెందుకు నానమ్మా అంటవా? ముసలిదాన్నయిన బిడ్డా, అద్దాలు లేకుంటే నాకు చెవులు గూడ మంచిగ వినబడయి. నువ్వు కూసో ముందుగాల. చాయ్‌కి పాలు సిమ్ముల పెట్టిన, కాగుతుంటయి తియ్యి. ఐతారం నాడు ఏం చేస్తరో మల్లొకపారి చెప్పు. ఆ చిన్న మిషిను పొగ ఇడుస్తుంటే మీరంత సాపల మీద కండ్లు మూసుకొని కూసుంటరు, ఎండకాలానికి వెల్‌కం చెప్తరు. మంచిగుంది. చెప్పకుంటే రాదా ఏంది ఎండకాలం, మన గల్లీ తొవ్వ తెల్వక పురానాపూల్ కాడ నిలవడ్తదా? సరే సరే, కోపానికి రాకు అఖిలా. నిమ్మగడ్డి నూనె ఒక్కదానికే నాకు జర నవ్వొస్తుంది. దోమలు కుట్టకుండ మా బర్రెలకు గా గడ్డే పొగబెడ్తుంటిమి. అవి గూడ కండ్లు మూసుకొని, ఊపిరి లోపలికి తీసుకుంట నిలవడుతుండె, అచ్చం నీ ఫోన్ల ఆ పిల్లలు కూసున్నట్టే. గా బర్రెలకు ఫికరేం లేకుండె మల్ల, నిజమే.

గానీ నా కండ్లకు గంతలు కట్టుడేందే? నలుగుర్ల కూసోబెట్టి, ఆరు సీసాలు ఒకటెనుక ఒకటి ముక్కు కాడ పెడ్తవా? 'మా నానమ్మ ముక్కు చూడుండ్రి' అని అందరికి ఫోన్ల పంపిచ్చినవ్ గూడనా? నన్ను అడగకుండనే? గంతలు లేకుంటే జనం నమ్మరా? ఏమో మరి. నాదేం ముక్కు బిడ్డా. ముక్కంటే వామన్‌రావు పంతులుది. పేరే వినలేదా నువ్వు? అవులే, ఆయన పోయి నలభై ఏండ్లు దాటింది, మీ నాయిన గప్పుడు నిక్కరు ఏసుకుంటుండె. నేను కొత్త కోడలినై వచ్చినప్పుడు గీ గల్లీల పదిహేను ఇండ్లే. ఎనుక మన బర్రెల కొట్టం, ముందు పంతులు ఇల్లు. ఏదో దఫ్తర్ల పాత కాయిదాలు కాపలా కాసే నౌకరి చేసి రిటైరయిండు ఆయన. సన్నగ, పొడుగ్గ, ముక్కు మాత్రం మనిషి కన్న ముందు నడుస్తుండె. ఆయన ఇంట్లకెల్లి బయటికొస్తున్నడంటే ముందుగాల ముక్కు కనబడేది, జర సేపటికి పంతులు.

ఏం చేస్తుండె అంటవా? కాలం మార్చేటోడు. నిజంగనే. ఇప్పుడు మీకు ఫోన్ల చెప్తది గదా, ఎండ గింత, వాన గింత అని. గప్పుడు రేడియోల చెప్పినా మా గల్లీల ఎవరూ నమ్మకపోతుండిరి. పంతులు చెప్పాలె. కాలం మారే దినాలల్ల పొద్దుగాల తానం చేసి, మడి పంచె కట్టుకొని, అరుగు మీద కూసొని ముక్కు పైకెత్తేది. గాలి పీల్చేది, ఇడిసేది, మల్ల పీల్చేది. గల్లీ అంత ఊపిరి బిగబట్టుకొని చూసేది. గీ పక్క మూసీ వాసన కమ్ముకొని ఉంటుండె, అది పన్నెండు నెలలూ ఒక్కటే, దానికి కాలం లేదు. ఆ వాసనలకెల్లి ఎక్కడనో పూసిన వేపపూతను ఏరుకుంటడట ఆయన ముక్కు. "వచ్చింది" అనేటోడు. అంతే. లాడ్ బజార్ ఎనుక సందుల అత్తరు సాయెబు దుకాణానికి కబురు పోయేది. సాయెబు గింత దూది ఉండను అత్తరుల ముంచి, కాయిదంల చుట్టి పంపేటోడు. ఎండకాలానికి వట్టివేరు, చలికాలానికి హీనా, వానకాలానికి మట్టి అత్తరు. అవునే, మట్టితోనే తీస్తరు, మొదటి వాన పడ్డప్పుడు నేల ఎట్ల ఉంటదో గట్లనే ఉంటది. పంతులు ఆ దూదిని ముందుగాల ముక్కు కాడ పెట్టుకొని, ఎనుక చెవిల పెట్టుకునేటోడు. ఇగ చూడు లొల్లి. "పంతులు చెవిల దూది మారిందంట!" చలికోట్లు పెట్టెలకెక్కేటియి, నీళ్ళ రంజన్లు దిగేటియి. సుగుణమ్మ అని పూలమ్మేది ఉండె, ఆమె గంప నిండ మల్లెలున్నా సరే, దూది మారేదాక మా గల్లీల చామంతులే అమ్మేది. ముందుగాల మల్లెలు పెట్టుకున్న కోడలిని చూసి అత్తలు, "ఏమే, పంతులు కన్న నీకు ఎక్కువ తెల్సా?" అంటుండిరి. నాకే అన్నది మా అత్త. కొప్పుల పెట్టుకున్నదాన్ని తీసి కొంగుల కట్టుకుంటే, కొంగు గూడ పట్టిచ్చింది. మల్లెను ఏడ దాస్తవ్ చెప్పు?

ఒక ఏడు పంతులుకు పెద్ద పడిశం పట్టింది, జ్వరం, పదిహేను దినాలు మంచం దిగలే. లేచిండు, మల్ల అరుగెక్కిండు, ఎప్పటి లెక్కనే. గానీ మరుసటేడు ఏమైందో, పుష్యమాసం ఇంకా అయిపోలే, చలి కొరికి చంపుతుంది, పొద్దుగాల బర్రె పొదుగు ముట్టుకుంటే ఏళ్ళు కొంకర్లు పోతున్నయి. గసొంటప్పుడు ముక్కెత్తిండు, "వచ్చింది ఎండకాలం" అన్నడు. ఒక్కరన్న ఎదురు మాట్లాడాలె గదా? బసవయ్య అని అఫ్జల్‌గంజ్‌ల కిరాణం దుకాణం ఆయన ఉండె, బొద్దుగ, పంతులు తుమ్మినా చేతులు జోడిస్తడు. ఆయన ఆ పొద్దే కిటికీలకు వట్టివేరు తడకలు కట్టిచ్చి నీళ్ళు చల్లిచ్చిండు. ఒంటి మీద అంగి లేకుండ వాకిట్ల కూసొని ఇసనకర్రతోటి ఊపుకుంటున్నడు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. నేను పాలు పోస్తుంటే, "అబ్బబ్బ, బా-బాలమ్మా, ఈయేడు ఏం ఉ-ఉక్కపోత" అన్నడు. నాలుగు దినాలకు మూడిండ్లల్ల జ్వరాలు. డాక్టరొచ్చి, చలికి వచ్చిన జ్వరం అన్నడు. బసవయ్య ఏమన్నడు ఎరికేనా? "కాదు సారు, వడదెబ్బ" అన్నడు.

నాకు గప్పుడు ఏం తెల్వదు. పెద్దోళ్ళు చెప్పిండ్రు అంటే నిజమే కావచ్చు, నా ఒంటికే ఏదో తక్కువైంది, అందుకే నాకు చలి పెడ్తుంది అనుకున్న. ఎంత పిచ్చిదాన్నో చూడు.

ఆ పై ఏడు ముచ్చట ఇది. శివరాత్రి అయింది. నేను లాడ్ బజార్ దిక్కు చాయ్ హోటల్‌కు పాలు పోసి వస్తుంటే అత్తరు సాయెబు పిలిచిండు. "అరే బాలమ్మా, పంతులూ కో దేదో, ఖస్ హై, అస్లీ" అని కాయిదంల చుట్టిన వట్టివేరు దూది చేతుల పెట్టిండు. తొవ్వల కంట్రోల్ దుకాణంల రేషను మీద గ్యాసునూనె ఇస్తున్నరు. గదే, కిరసనాయిలు. డబ్బాకు మూత ఎన్నడో పోయింది, దాని నోట్లె దూది కుక్కి తెస్తుంటి. వచ్చే తొవ్వల ఆ దూది ఊడి చేతికొచ్చింది. అరుగు కాడికొచ్చేసరికి గల్లీ అంత నిలవడి ఉన్నది. "తొందరగ తే, తొందరగ తే" అని బసవయ్య. ఒక చేతుల కాయిదం ఇప్పుతున్న, ఒక చేతుల డబ్బా తొణుకుతుంది, మీదికెల్లి మా అత్త చూపులు. ఒక దూది డబ్బా నోట్లె కుక్కిన, ఒక దూది పంతులు చేతుల పెట్టిన. ఏది ఏడికి పోయిందో నాకే సోయి లేదు.

పంతులు ముక్కు కాడ పెట్టుకున్నడు. కండ్లు మూసిండు. గుండె నిండ పీల్చిండు. "ఆహా! వట్టివేరు అంటే ఇది. భూదేవి చల్లటి ఊపిరి" అన్నడు. చెవిల పెట్టుకున్నడు. అందరికి గుప్పుమని కొట్టింది బిడ్డా! సుగుణమ్మ ముక్కు మీద కొంగు కప్పబోయి, మల్ల పక్కకు చూసి కొంగు తీసింది. "మా అవ్వగారింటి కాడ అచ్చం గిట్లనే ఉంటుండె" అన్నది. వాళ్ళ అవ్వగారింట్ల ఏం తాగుతుండెనో! బసవయ్య ఇంకో మెట్టు ఎక్కిండు. "మామూలు వట్టివేరు కాదిది పంతులుగారూ, దిల్లీ మాల్. గింత ఘాటు మన దిక్కు దొరకది" అని సాయెబు దుకాణానికి మనిషినే తోలిండు, నాక్కూడా గదే కావాలె అని. నాకేమో చేతులకు, చీరకు అంత గదే వాసన, ఏదేడికెల్లి వస్తుందో తెల్వక ఊకున్న.

ఇంటికొచ్చి స్టవ్వుల నూనె పోసిన. మీ తాత వచ్చిండు, గడపల నిలవడి, "ఏందే, పెండ్లింటి లెక్క ఉంది ఇల్లు? స్టవ్వుకు అత్తరు పూసినవా?" అన్నడు. వట్టివేరు నా డబ్బాల ఉందంటే పంతులు చెవిల ఉన్నదేంది? బయటికి చూస్తే దీపాల యాళ. పంతులు సందె దీపం ఆయన చేతులతోనే ముట్టిస్తడు, అందరికి ఎరికే. చెప్పులు ఏసుకోలే, కొంగు చూసుకోలే, ఉరికిన. ఉరికి ఉరికి దేవుని అర్ర కాడికి పోయేసరికి, ఆయన వంగి అగ్గిపుల్ల గీసిండు. నేను మాట్లాడితే యాళ దాటుతది. ఒక చేతితోని అగ్గిపుల్ల లాక్కొని ఊదిన, ఒక చేతితోని ఆయన చెవి పట్టుకొని దూది గుంజిన. బర్రెల బాలమ్మ, మడి కట్టుకున్న పంతులు చెవి పట్టుకున్నది! వంటింటి కడప కాడ ఆయన భార్య గోదమ్మ గరిటె పట్టుకొని నిలవడ్డది. చూసింది. మల్ల లోపలికి పోయింది.

"పంతులూ, తప్పయింది, ఇది గ్యాసునూనె" అన్న. ఆయన నా చేతులకెల్లి ఆ దూది తీసుకున్నడు. ముక్కు కాడ పెట్టుకున్నడు. ఇంకోపారి పెట్టుకున్నడు. దూడ తప్పిపోతే బర్రె మొఖం ఎట్లుంటదో చూసినవా ఎన్నడన్న? నువ్వేడ చూస్తవ్ లే. గట్లుండె ఆయన మొఖం. "ఎవరికన్న చెప్పినవా?" అన్నడు. లే అన్న. "ఆ జ్వరం సంది బాలమ్మా. రెండేండ్లాయె. అన్నం వాసన లేదు, పువ్వు వాసన లేదు, ఏది లేదు. నాకు పింఛను కాయిదం తప్ప ఇంకేం మిగల్లే. గీ గల్లీల నన్నెవరన్న నమస్తే పెడ్తున్నరంటే ముక్కుకు పెడ్తున్నరు. అది గూడ లేదని తెలిస్తే, అరుగు మీద కూసున్న ఒక ముసలోన్ని. అంతే" అన్నడు. పెద్దమనిషి, నా ముందల గట్ల మాట్లాడుతుంటే నాకు యాడ చూడాల్నో తెల్వలే.

నా నోట్లకెల్లి ఆ మాట ఎట్ల వచ్చిందో ఇప్పటికి తెల్వది. "నేను వాసన చూసి మీకు చెప్త, నాకు మీరు అచ్చరాలు చెప్తరా?" అన్న. నాకు ఇరవై ఏండ్లుంటయి గప్పుడు. కంట్రోల్ దుకాణంల ఏలుముద్ర ఏసినప్పుడల్ల ఆ సిరా వారం దాక పోకుండె, పాలు పిండుతుంటే అదే కనబడేది. పంతులు నన్ను ఎగాదిగ చూసిండు. "రేపు పాలు పోసినంక జర సేపు కూసో" అన్నడు.

ఇగ చూడు మా దొంగ బడి. అందరు అ అంటే అమ్మ అని నేరుస్తరు. నేను మ అంటే మల్లె, వ అంటే వట్టివేరు, హీ అంటే హీనా. ఆయన ఇంట్ల దాసుకున్న అత్తరు సీసాల మీద ముత్యాల లెక్క పేర్లు రాస్తుండె, అవే నా వాచకం. నేనేమో నా దిక్కు పని చేయాలె గదా. గోడల మీదికెల్లి వచ్చే గాలిని పీల్చుకుంట పోయి చెప్తుంటి. చెప్పుడు ఎంత కష్టమో నీకేం తెల్సు! వాసనకు మాటలు లేవు బిడ్డా. "వేపపూత ఎట్లుంది ఇయ్యాల?" అని అడిగేది. "కడిగిన ఇత్తడి బిందెకు తేనె పూసినట్టుంది పంతులూ" అనేదాన్ని. "వాన?" "ఎండుగడ్డి మీద బర్రె ఊపిరి ఇడిసినట్టు." ఆయన కండ్లు మూసుకొని ఇనేది. ఎనుక బయటికి పోయి అరుగెక్కి, "ధరణి పులకించుచున్నది" అనేటోడు. నా బర్రె ఊపిరిని ఆయన నోట్లె పెడితే గట్ల బయటికొస్తుండె! జనం అబ్బో అంటుండిరి. నేను తట్ట నెత్తిన పెట్టుకొని నవ్వాపుకుంట పోతుంటి. ఒకపారి బద్మాష్ పని గూడ చేసిన. మల్లెలు పెట్టుకోవాలనిపిచ్చి, పది దినాల ముందుగాలనే "వచ్చినట్టుంది పంతులూ" అన్న. మరుసటి పొద్దుకు గల్లీ అంత మల్లెలు. మా అత్త సుత! నా ఒక్క మాటకు కాలం మారింది. గా దినం నాకు నిద్ర పట్టలే, భయంతోనో ఖుషీతోనో.

ఆరేండ్లు నడిచింది గట్ల. ఇగ పంతులు మంచం పట్టిండు. మిరుగం కార్తె దాటింది, చేపలు తిన్నోళ్ళు తిన్నరు, వాన మాత్రం లేదు. గోదమ్మ పిలిస్తే పోయిన. బసవయ్య అప్పటికే వచ్చి కాళ్ళ కాడ కూసొని, "వాన వచ్చింది పంతులుగారూ, మట్టి వాసన గుమగుమ" అంటున్నడు. బయట దుమ్ము లేస్తుంది! పంతులు నా దిక్కు చూసిండు. "బాలమ్మా, వచ్చిందా?" అన్నడు. వచ్చింది అంటే ఏం పోయింది, మనిషి సంబురంగ పోతడు గదా అనిపిచ్చింది. గానీ ఆరేండ్లు ఆయనకు ముక్కు నేను. ముక్కు అబద్ధం చెప్తే ఎట్ల? "రాలే పంతులూ. ఇంకా ఎండిన సున్నం వాసనే ఉంది" అన్న. ఆయన నవ్విండు. దిండు కింద చెయ్యి పెట్టి ఒక సీసా తీసిచ్చి, "చదువు" అన్నడు. బసవయ్య ముందలనే! "మ... ట్టి" అని చదివిన. బసవయ్య నోరు తెరిచి అట్లనే ఉన్నడు, బర్రె చదివినట్టు.

ఆయన పోయిన పదకొండో దినం నాడు గోదమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఆ జ్వరం తగ్గినంక ఒకనాడు చారుల ఇంగువ ఎయ్యుడు మర్చిపోయిన బాలమ్మా. ఆహా, ఇంగువ పోపు అదిరింది అని తిన్నడు. గప్పటి సంది ఎనిమిదేండ్లు ఇంగువ ఎయ్యలే. రోజూ గదే మాట, ఆహా అని" అన్నది. "మరి చెప్పకపోతివి అమ్మా" అంటే, "ఆయన చెప్పలే, నేను అడగలే" అన్నది. నాకొక్కదానికే ఎరికె అనుకుంటి ఇన్నొద్దులు. ఏమో, సుగుణమ్మకు, అందరికి ఎరికేనేమో. గల్లీకి గల్లీ కలిసి ఒక ముక్కును మోసినం కావచ్చు. బసవయ్యకు మాత్రం తెల్వదు, ఆయన నిజంగనే నమ్మిండు. పంతులు పోయినంక నెల దినాలకు కుండపోత వాన. మోకాళ్ళ దాక నీళ్ళు. గొడుగు పట్టుకొని మన కొట్టం కాడికొచ్చి, తడుసుకుంట, "ఏమంటవ్ బాలమ్మా, వానకాలం వచ్చినట్టేనా?" అని అడిగిండు నన్ను! వచ్చింది సేటు, కోటు దాసిపెట్టు అని చెప్పిన.

అందుకే అంటున్న బిడ్డా, ముక్కు ముచ్చట ఒట్టిది కాదు. నలుగుర్ల కూసోబెట్టి, కండ్లకు... ఏంది? ఏందట్ల లేస్తున్నవ్? పాలా? మాడినయా? గిన్నె నల్లగయిందా? ముందుగాల స్టవ్వు బంద్ చెయ్యి పో. చెయ్యి కాల్చుకునేవ్, మసిబట్ట పట్టుకో.

...

కిటికీ తెరువు.

నువ్వు బయట కూసున్నవ్ గాబట్టి నీకు ఆలిశంగ వచ్చింది వాసన. నేనా? నేను గీడ వంటింటి కడపకు ఒరిగి కూసున్న. అవును. ఇంత దగ్గర్ల.

గట్ల చూడకు. కరోన జ్వరం కాడికెల్లి.

మీ నాయినకు చెప్పకు. ఇప్పుడు ఏం డాక్టర్లు వద్దు. ఐతారం వస్త బిడ్డా, నువ్వు అందరికి చెప్పినవ్ గదా, వస్త. గంతలు మాత్రం కట్టకు. ఆ సీసాల మీద పేర్లు జర పెద్దగ రాయి, తెలుగుల. నువ్వు నా పక్కకు కూసో. ఒక్కొక్కటి వాసన చూసి ఎట్లుందో నా చెవిల చెప్పు, నీకొచ్చిన మాటల్ల చెప్పు, నిమ్మళంగ. పేరు నేను చదువుత.

గిన్నెల నీళ్ళు పోసి నానబెట్టు. గీరకు, సొట్ట పడ్తది.